ఫోన్లో పెద్దయ్య బాగున్నాడు

మార్కాపురం,
జూన్.

గౌరవనీయులైన ఆడబిడ్డ కేథరిన్ గారికి వదిన జీవరత్నం వందనాలు.

నీతో ఫోన్లో మాట్లాడనని మా కొత్త ఇంటి ప్రార్థన నాడు బంధువులందరి ముందూ చెప్పాను. ఆ మాట మీదే ఉన్నాను. ఉత్తరం రాయనని మాత్రం చెప్పలేదు. మీ అన్న ఎట్లాగూ హైదరాబాదు బస్సు నడుపుతున్నాడు కాబట్టి పోస్టాఫీసు వాళ్లకు శ్రమ కూడా లేదు. (ఏమండీ కరుణాకరం గారూ, ఈ కవరు విప్పి చదివితే చదివారు గానీ, మళ్లీ అంటించేటప్పుడు అన్నం మెతుకు వాడకండి.)

మా ఆసుపత్రిలో కొత్త ఐసీయూ తెరిచారు. నన్నే ఇన్‌చార్జి సిస్టర్‌గా వేశారు. ఎనిమిది మంచాలు, మంచానికొక కొత్త మానిటర్. గుండె, ఆక్సిజన్, బీపీ అంకెలు దాని మీద కనపడతాయి. అక్కడి నుంచి నర్సుల బల్ల ఎదురుగా గోడకు బిగించిన పెద్ద టీవీలోకి, టీవీ నుంచి డాక్టరు నిత్యానందం గారి ఫోన్లోకి పోతాయి. ఆయన కనిగిరి క్లినిక్కులో ఓపీ చూస్తూ, గిద్దలూరులో పెళ్లి భోజనం చేస్తూ కూడా మా రోగుల గుండెల మీద ఒక కన్ను వేసి ఉంచగలడు. ఇంత సౌకర్యం ఉన్నాక ఎనిమిది మంచాలకు ఇద్దరు నర్సులు దండగని రెబెకాను కింద వార్డుకు పంపారు. ఇప్పుడు షిఫ్టుకొకరమే. మంచాల పక్కన మానిటర్లు కూయకుండా సౌండ్ కూడా తీసేశారు. బస్టాండు దగ్గర బోర్డు మీద ‘నిశ్శబ్ద ఐసీయూ’ అని రాయించారు. చదివినవాళ్లు శ్మశానమనుకోకుండా పక్కన డాక్టరు గారి ఫొటో వేశారు.

పోయిన వారం మధ్యాహ్నం పూట ఆ ఎనిమిది మానిటర్లూ ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోయి, మళ్లీ వెలిగాయి. సండే స్కూల్లో పిల్లలు వరసగా లేచి వాక్యం అప్పజెప్పినట్టు. మా మేనేజర్ నాగరాజు వచ్చి, “కరెంటక్కా. మన ఊరి కరెంటు సంగతి నీకు తెలవదా ఏంది” అని వెళ్లిపోయాడు. ఆయన ఆ మాట అంటున్నంతసేపూ నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఇంకో సంగతి. మానిటర్లకూ, బిల్లింగుకూ, మందుల షాపుకూ, రోగుల బంధువుల సినిమాలకూ మా దగ్గర ఒకటే ఇంటర్నెట్ పెట్టె. మానిటర్లకు తీగ, మిగతా అందరికీ వైఫై. దాని పాస్‌వర్డు క్యాంటీన్ గోడ మీద టీ ధర కింద రాసి ఉంటుంది.

ఆసుపత్రి యంత్రాల్లోకి దొంగలు చొరబడకుండా కాపలా కాసే ఉద్యోగం నీదని మీ అన్న నలుగురికీ చెప్పుకుంటాడు. అది నిజమైతే ఇందులో ఏముందో రాయి. మానిటర్ వెనక లేబుల్ ఫొటో మీ అన్న ఫోన్లో పెట్టాను. అడిగేది రోగుల కోసం. నా కోసమైతే అడిగేదాన్నే కాదు.

జీవరత్నం

*

హైదరాబాదు,
జూన్.

పూజ్యురాలైన వదినకు కేథరిన్ వందనాలు.

ఉత్తరం అందింది. కవరు అన్నం మెతుకుతోనే అంటించి ఉంది.

నాతో మాట్లాడకూడదన్న నీ దీక్షను గౌరవిస్తున్నాను. అయితే చరిత్ర సరిగ్గా ఉండాలి కదా. ఆ రోజు నేను మొదట అన్నది కోడికూరలో ఉప్పు తగ్గిందని. ఐసీయూ భోజనంలా ఉందన్నది రెండో మాట. దానికి నువ్వు పదిమందిలో, పెళ్లి కానిదానికి వంట గురించి ఏం తెలుసు అన్నావు. కూర సంగతి నేను మర్చిపోయాను.

ఇక నీ మానిటర్లు. ఫొటో చూశాను. ఆ రకం మానిటర్లను మా రంగంలో అందరికీ తెలుసు, ఊళ్లో తాగుబోతు అందరికీ తెలిసినట్టు. ఫ్యాక్టరీలో ప్రతి మానిటర్‌కూ ఒకటే పాస్‌వర్డు పెట్టి పంపుతారు. దాన్ని మార్చుకునే వీలు లేదు. అది తెలిసినవాడు ఎవడైనా అదే వైఫైలో ఉంటే లోపలికి రావచ్చు. ఇంకా గొప్పది మీ గోడ మీది టీవీ. “నేను మూడో మంచం మానిటర్ని, నా రోగికి ఆక్సిజన్ తొంభై ఎనిమిది” అని ఎవరు చెప్పినా అది నమ్ముతుంది. నువ్వెవరు అని అడగదు. క్యాంటీన్లో టీ తాగుతున్నవాడు చెప్పినా నమ్ముతుంది. నమ్మి డాక్టరు గారికి పంపుతుంది. ఎవరూ ఏమీ చెప్పకపోతే, ఆఖరున విన్న అంకెనే పట్టుకుని కూర్చుంటుంది.

మొన్న జరిగింది కరెంటు కాదు. అదే వైఫైలో ఉన్న ఏదో కంప్యూటరుకు వైరస్ పట్టి, ఆపకుండా అరుస్తోంది. ఆ గోల తట్టుకోలేక మానిటర్లు సొమ్మసిల్లాయి.

చెయ్యాల్సింది పెద్ద విద్య కాదు. మానిటర్లకు వేరే తీగ, వేరే పెట్టె పెట్టి, మిగతా ఆసుపత్రితో సంబంధం తెంచాలి. అది అయ్యేదాకా మానిటర్ల ఇంటర్నెట్ తీగలు పీకేయండి. రోగి అంకెలు మంచం పక్కన ఎప్పటిలాగే కనపడతాయి, సౌండ్ పెడితే వినపడతాయి కూడా. ఆగిపోయేది టీవీ, డాక్టరు గారి ఫోనూ. ఈ నష్టాన్ని రోగులు తట్టుకోగలరని నా నమ్మకం.

అంతవరకూ ఆ టీవీని నమ్మకు. మంచం దగ్గరికి పోయి చూడు.

కేథరిన్

*

మార్కాపురం,
జూలై.

ఆడబిడ్డకు,

నీ ఉత్తరం తీసుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన శ్రద్ధగా చదివాడు. రెండోసారి కూడా చదివాడు. చదివి నవ్వాడు.

“సిస్టర్, మార్కాపురంలో గొర్లు కాసుకునే వాళ్ల గుండెకాయలు దొంగతనం చేసేవాడు ఎవడమ్మా? వాటితో వాడేం చేసుకుంటాడు?”

దొంగ రానక్కరలేదు సార్, ఒక వైరస్ పట్టిన కంప్యూటరు చాలట అన్నాను. నాగరాజును పిలిచి అడిగాడు. నాగరాజు తన లాప్‌టాప్‌లో యాంటీవైరస్ ఉందనీ, గేటు దగ్గర సీసీ కెమెరా ఉందనీ చెప్పాడు. ఇంక భయమేముంది. వైరస్ గేటు గుండా వస్తే కెమెరాలో పడుతుంది.

తీగలు పీకే మాట ఎత్తగానే డాక్టరు గారి ముఖం మారింది. ఇక్కడ నీకొక మాట న్యాయంగా చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. పుల్లలచెరువు నుంచి తర్లుపాడు దాకా ఊపిరాడనివాడెవడైనా ఆయన దగ్గరికే వస్తాడు. మూడు ఊళ్లు తిరుగుతాడు. ఆ ఫోను వచ్చాకే కాస్త నిద్రపోతున్నానని నాతోనే అన్నాడు. అందుకే గట్టిగా వాదించలేకపోయాను. బయటికి వచ్చాక నాగరాజు మాత్రం, “ఆడబిడ్డ మాట పట్టుకోని ఆసుపత్రి నడిపిస్తామా అక్కా” అన్నాడు. నిజమే. నేను ఇల్లు నడపడానికే నీ మాట పట్టుకోలేదు.

ఇప్పుడు నేను చేస్తున్నదేమిటంటే, టీవీ ఎదుట కుర్చీ వదిలేసి మంచం మంచానికీ తిరుగుతున్నాను. చెయ్యి పట్టి చూస్తాను, మంచం పక్కనున్న మానిటర్ చూస్తాను, ముందుకు పోతాను. రెబెకా చూసి, అక్కకు షుగరొచ్చింది, నడవమన్నారు అని కింద అందరికీ చెప్పింది.

నీ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక ముక్క రాసి పంపు. ఇంగ్లీషులో ఉండాలి, కింద గుండ్రటి స్టాంపు ఉండాలి. మా దగ్గర తెలుగులో చెప్పిన నిజానికి విలువ తక్కువ.

జీవరత్నం

*

హైదరాబాదు,
జూలై.

వదినా,

లెటర్‌హెడ్ కుదరదు. కారణాలు అడగకు.

నువ్వు తిరిగి చూడటం మంచి పనే, మానకు. కానీ ఈ విషయం కాగితం మీద పెట్టకు, మీటింగుల్లో లేపకు. ఇట్లాంటివి చెప్పినవాళ్లనే ముందు గుమ్మం దాటిస్తారు, యంత్రం మాత్రం అక్కడే ఉంటుంది. నీ పని నువ్వు చేసుకో. అన్నకు చెప్పు, బస్సు మెల్లగా నడపమని.

కేథరిన్

*

మార్కాపురం,
ఆగస్టు.

కేథరిన్‌కు,

నీ పోయిన ఉత్తరం నువ్వే రాశావా, లేక మీ అన్న దారిలో మార్చి రాశాడా? ఉప్పు తగ్గిందని పదిమందిలో చెప్పే మనిషికి స్టాంపు వేయడానికి భయమెందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. సరే, కారణాలు అడగవద్దన్నావు. అడగను. జరిగింది మాత్రం చెబుతాను.

పెద్దయ్య అని పుల్లలచెరువు అవతలి అడవి పల్లె మనిషి. గొర్రెల కాపరి. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి మూడో మంచంలో ఉన్నాడు. ముఖానికి ఆక్సిజన్ మాస్కు. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ తలుపు బయట నేల మీద కూర్చుని ఉండేది. ఎప్పుడు తలుపు తెరిచినా లేచి నిలబడేది. ఆ రోజు పొద్దున ఆమెతో తగ్గుతోందమ్మా అని చెప్పాను. నిజంగానే తగ్గుతోంది.

పదకొండు దాటింది. నేను మొదటి మంచం నుంచి తిరుగుతూ మూడో మంచానికి వచ్చాను. పెద్దయ్య పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. మనిషి కళ్లు తెరిచే ఉన్నాడు, పిలిస్తే పలకడం లేదు. మంచం పక్క మానిటర్‌లో ఆక్సిజన్ డెబ్భై ఆరు. ఎర్రగా మెరుస్తోంది, చప్పుడు లేకుండా. బోర్డు మీద రాయించిన నిశ్శబ్దం అదే. తలెత్తి గోడ మీది టీవీ చూశాను. పెద్దయ్య, తొంభై ఏడు. పచ్చటి అంకె.

డ్యూటీ డాక్టరును పిలిచాను. అతను లేస్తూ టీవీ చూసి, మళ్లీ సగం కూర్చున్నాడు. కనిగిరిలో ఉన్న పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాడు. రెండు మాటలు విని ఫోను నా చెవి దగ్గర పెట్టాడు.

“సిస్టర్, నా ఫోన్లో బాగున్నాడు గదా. వేలికి పెట్టిన క్లిప్పు జారింటాది. సరిగ్గా పెట్టి చూడండి.”

“మీ ఫోన్లో బాగున్నాడు సార్. మంచం మీద బాగలేడు.”

ఆయన ఏదో అన్నాడు. వినలేదు. నా రెండు చేతులకూ పనుంది. మాస్కు నుంచి పైపు వెంట పట్టుకుంటూ పోయాను. కాసేపటి ముందు తల వైపు మంచం ఎత్తినప్పుడు పైపు మంచం ఇనుప చట్రం మధ్య పడి నలిగిపోయింది. చుక్క గాలి పోవడం లేదు. పైపు లాగి మార్చాను. కఫం తీశాము. అప్పటికి డ్యూటీ డాక్టరు కూడా టీవీని వదిలి మనిషి దగ్గరికి వచ్చాడు, వచ్చాక బాగానే పనిచేశాడు. డెబ్భై ఆరు ఎనభై అయింది. ఎనభై ఐదు. తొంభైకి వచ్చేసరికి పెద్దయ్య కళ్లు నా వైపు తిరిగాయి.

టీవీలో అంతసేపూ ఆయన తొంభై ఏడు మీదే ఉన్నాడు. అప్పుడు మిగతా మంచాల వంక చూశాను. ఐదో మంచం రోగిని పొద్దున్నే వార్డుకు మార్చాము. టీవీలో ఆ ఖాళీ మంచానికి గుండె డెబ్భై రెండు కొట్టుకుంటోంది. బీపీ కూడా చక్కగా ఉంది. మా ఐసీయూలో ఆ రోజు అందరికన్నా ఆరోగ్యంగా ఉన్నది ఆ పరుపే.

ఇంతలో మంచాల పక్క మానిటర్లు కూడా ఒక్కొక్కటే ఆరిపోవడం మొదలుపెట్టాయి, జూన్‌లో లాగా. ఏ తీగ పీకాలో నాకు తెలియదు. రోగులను డ్యూటీ డాక్టరుకు అప్పగించి, కిందికి దిగి, నాగరాజు గదిలో మిణుకుమిణుకుమంటున్న పెట్టె ఒకటి ఉంటే దాని స్విచ్చి ఆపేశాను. మానిటర్లు నిలబడ్డాయి. బిల్లింగు, స్కానింగు, మందుల షాపు అన్నీ పడుకున్నాయి. కౌంటరు దగ్గర జనం గొడవ. నాగరాజు పరుగెత్తుకొచ్చి, “అక్కా, ఏం పనక్కా ఇది, ఆసుపత్రిని చంపినావు గదా” అన్నాడు. ఆసుపత్రి బతికింది. ఎవరూ చావలేదు.

పెద్దయ్య కోలుకుంటున్నాడు.

నాకు కొన్నాళ్లు సెలవు దొరికింది. గిద్దలూరులో మా అమ్మ దగ్గరికి పోతున్నాను. ఉత్తరాలు అక్కడికి పంపు.

జీవరత్నం

*

హైదరాబాదు,
ఆగస్టు.

వదినా,

నీకు సెలవు దొరికిందా. మీ పెళ్లికి మూడు రోజులు ఇవ్వని ఆసుపత్రి, ఇప్పుడు అడగకుండానే సెలవు ఇచ్చిందా. చాలా సంతోషం.

అన్న నీ ఉత్తరం ఇచ్చి, బస్సు దగ్గరే నిలబడి నేను చదివేదాకా పోలేదు. ఆ తర్వాత నిజం చెప్పాడు. ఆసుపత్రి పనులకు ఆటంకం కలిగించినందుకు విచారణ పూర్తయ్యేదాకా విధులకు రావద్దని నీకు మెమో ఇచ్చారట. నువ్వు దాన్ని మడిచి బైబిల్లో పెట్టి, ఎవరికీ చెప్పొద్దన్నావట. ఆయన రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా బస్సు నడిపాడు. పాపం, గేర్లు సరిగ్గా పడలేదన్నాడు.

రేపటి బస్సుకు నేను మార్కాపురం వస్తున్నాను. నువ్వు గిద్దలూరులోనే ఉండు. నాతో మాట్లాడకూడదన్న నీ దీక్షకు భంగం కలగకూడదు.

కేథరిన్

*

మార్కాపురం,
సెప్టెంబరు.

వదినకు, నీ వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. ఉప్పు డబ్బా కనపడింది. అంటే ఇంట్లో ఉప్పు ఉందన్నమాట.

మీ డాక్టరు గారు కలవడానికి టైము లేదన్నాడని నాగరాజు చెప్పాడు. అందుకని ఓపీ చీటీ రాయించుకుని, రోగులతో పాటు బెంచీ మీద కూర్చున్నాను. నా వంతు వచ్చింది. ఏంటమ్మా బాధ అన్నాడు. మీ మానిటర్లు సార్ అన్నాను. ఎవరి తాలూకు అన్నాడు. చెప్పాను. లేచి వెళ్లిపొమ్మంటాడనుకున్నాను. అనలేదు. కొంచెంసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుని, అది నిజంగా అయ్యే పనేనా, చూపించగలవా అన్నాడు.

చూపించాను. ఖాళీగా ఉన్న ఐదో మంచం మీద ఆయన్ని పడుకోమన్నాను, వేరే రోగుల జోలికి పోకుండా. వేలికి క్లిప్పు పెట్టించుకుని, మంచానికి తన పేరు కూడా ఎక్కించాడు. టీవీలోనూ ఆయన ఫోన్లోనూ ఆయన గుండె డెబ్భై ఎనిమిది. నేను క్యాంటీన్‌కు పోయి, టీ చెప్పి, గోడ మీద చూసి పాస్‌వర్డు కొట్టి, లాప్‌టాప్ తెరిచాను. టీ చల్లారకముందే, నేనే ఐదో మంచం మానిటర్నని మీ టీవీకి చెప్పాను. నమ్మింది. ఈయన గుండె ఆగిపోయిందని చెప్పాను. అదీ నమ్మింది.

పైకి వెళ్లేసరికి ఆయన పడుకునే తన ఫోను చూసుకుంటున్నాడు. మంచం పక్క మానిటర్‌లో ఎనభై ఐదు, ఫోన్లో సున్నా. “సార్, మీ ఫోను ప్రకారం మీరు పోయి ఐదు నిమిషాలైంది” అన్నాను. నాగరాజు నవ్వబోయి ఆగిపోయాడు.

ఇంతవరకూ నాకు సరదాగానే ఉంది. ఆ తర్వాత జరిగింది నేను ఊహించలేదు. ఆ యాప్ ఆయన భార్య విజయలక్ష్మి గారి ఫోన్లో కూడా ఉందట. ఐదో మంచం పక్కన భర్త పేరు, సున్నా అంకె చూసి, ఆసుపత్రి వెనకున్న ఇంట్లోంచి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. ఐసీయూ తలుపు దగ్గర నిలబడి, మంచం మీద కూర్చున్న మనిషిని చూసి, గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది. ఎంతసేపటికీ ఏడుపు ఆగలేదు. నేను వెళ్లి క్షమించమన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకునే ఉంది గానీ నేనెవరో ఆమెకు తెలియదు.

ఆమెను ఇంటికి పంపి వచ్చాక డాక్టరు గారు నాగరాజును బయటికి వెళ్లమన్నాడు.

“ఆ పొద్దు నేను ఫోన్లో ఏమన్న్యానో మీ వదిన నీకు చెప్పినాదా?”

చెప్పింది సార్ అన్నాను.

“ఆయమ్మ మాట వినింటే పోయేది గదా. పెద్దయ్య పెండ్లాము తలుపు బయటనే ఉన్నాది ఆ పొద్దు కూడా.” ఆ మాట అని, ఏమేం చెయ్యాలో చెప్పమ్మా అన్నాడు.

మానిటర్లకు వేరే తీగ, వేరే పెట్టె పెట్టించాను. ఇప్పుడు క్యాంటీన్లో ఎంత టీ తాగినా ఐసీయూలోకి పోలేరు. అంకెలు రావడం ఆగితే టీవీలో పాత అంకె ఉండదు, అడ్డగీత పడుతుంది. డాక్టరు గారి ఫోనుకు అంకెలు పోతాయి గానీ, ఫోను వైపు నుంచి ఏదీ తిరిగి రాదు. మంచాల పక్క సౌండ్ పెట్టించాను. అరుస్తున్న కంప్యూటరు కూడా దొరికింది. మందుల షాపుది. కుర్రాళ్లు రిలీజైన రోజే సినిమాలు దించుకుంటున్నారు. ఆ వైరస్‌కు పెద్దయ్య ఎవరో తెలియదు, మార్కాపురం ఎక్కడుందో తెలియదు. దాని మీద పగపట్టడానికి కూడా లేదు.

నీ మెమో టైపింగు పొరపాటట. నాగరాజు నాతో ఆ మాట కళ్లార్పకుండా అన్నాడు. డాక్టరు గారు నువ్వు వచ్చి చేరమంటున్నారు.

ఇంకొక సంగతి. అన్నకు కూడా తెలియదు. ఫిబ్రవరి నుంచి నాకు ఉద్యోగం లేదు. హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో ఇదే రకం మానిటర్లు చూసి, ఇవి ప్రమాదమని రిపోర్టు రాశాను. ఆ పేరాలు తీసెయ్యమన్నారు. తియ్యలేదు. నన్ను తీసేశారు. నీకు లెటర్‌హెడ్ పంపలేకపోవడానికి అదే కారణం. నోరు మూసుకోమని నీకు రాసినప్పుడు, అది నేను నాకు రాసుకున్న ఉత్తరం.

కేథరిన్

*

గిద్దలూరు,
సెప్టెంబరు.

కేథరిన్‌కు,

ఫిబ్రవరి నుంచి ఉద్యోగం లేకుండా ఆ ఊళ్లో ఏం తిన్నావు? మీ అన్న ప్రతి వారం నీ గది ముందు నుంచే వస్తున్నాడు. ఆయనకు చెప్పకపోవడం సరే, ఆయనకు చెబితే డిపో అంతా తెలుస్తుంది. నాకు రాయడానికి ఏమొచ్చింది? నేనేదో ఎత్తిపొడుస్తానని కదా. ఎత్తిపొడిచేదాన్నే. ఎత్తిపొడిచి, ఆ బస్సులోనే ఒక డబ్బా పచ్చడి, ఒక బస్తా బియ్యం పంపేదాన్ని.

నువ్వు విజయలక్ష్మి గారి గురించి రాసింది రెండుసార్లు చదివాను. లక్ష్మీనరసమ్మకు ఆ రోజు లోపల ఏం జరిగిందో నేను చెప్పలేదు. తగ్గుతోందమ్మా అనే చెప్పాను, పొద్దున చెప్పిన మాటే. ఆమె సరేనమ్మా అని మళ్లీ కూర్చుంది. టీవీ చేసిన పనే నేనూ చేశానా అని ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ అనుకుంటున్నాను.

ప్రార్థన నాడు నీ పెళ్లి గురించి అన్న మాట అనకుండా ఉండాల్సింది. కూరలో ఉప్పు తగ్గిన మాట కూడా వాస్తవమే. అయితే అది నువ్వు చెప్పిన పద్ధతి బాగలేదు.

డాక్టరు గారికి చెప్పు. షిఫ్టుకు ఇద్దరు నర్సులుంటేనే వస్తాను. రెబెకాను పైకి పంపమను. టైపింగు పొరపాటన్న మాట మాత్రం అక్కరలేదు, మెమో చించేస్తే చాలు.

జీవరత్నం

*

మార్కాపురం,
నవంబరు.

కేథరిన్‌కు వదిన రాయునది.

కనిగిరిలో నీ పని ఎట్లా ఉంది? అక్కడి ఆసుపత్రి వాళ్లు నిన్ను పిలిచి మరీ మానిటర్లు చూపించుకుంటున్నారంటే, మా డాక్టరు గారు నీ గురించి ఏం చెప్పుకున్నాడో నాకు తెలుసు. తన గుండె ఆపిన అమ్మాయి అని చెబుతున్నాడు. విజయలక్ష్మి గారు లేనప్పుడు మాత్రమే.

మా బోర్డు మార్చారు. ‘జిల్లాలోనే అత్యంత సురక్షిత ఐసీయూ’ అట. ఫొటోలో డాక్టరు గారి పక్కన ఈసారి నాగరాజు కూడా ఉన్నాడు, చేతులు కట్టుకుని. వైరస్‌ను తనే పట్టుకున్నట్టు. మీ అన్న ఆ బోర్డు దగ్గర బస్సు మలుపు తిప్పినప్పుడల్లా హారన్ కొడుతున్నాడట, ఎందుకో తెలియదు.

రెబెకా పైకి వచ్చింది. ఐసీయూలో ఇప్పుడు చెవులు పోయే మోత. బంధువులు విసుక్కుంటున్నారు. విసుక్కోనీ.

పెద్దయ్య చూపించుకోవడానికి వచ్చాడు. లక్ష్మీనరసమ్మ కూడా వచ్చింది. ఆ రోజు లోపల జరిగింది ఆమెకు చెప్పాను, పైపు నలిగిన సంగతితో సహా. తిడుతుందనుకున్నాను. ఆమె పెద్దయ్య వైపు తిరిగి, “చూసినావా, సచ్చి బతికినావంట. ఇంగన్నా బీడీలు మానుకో” అంది. ఆయన పైకప్పు చూశాడు.

నిన్న వాన. ఇక్కడ వాన పడిందని నీకు రాయడమే ఒక వార్త. మధ్యాహ్నం నుంచి ఇంటర్నెట్ లేదు. మంచాల పక్క మానిటర్లు, గోడ మీది టీవీ చక్కగా పనిచేస్తున్నాయి. డాక్టరు గారి ఫోన్లో మాత్రం అన్ని మంచాలకూ అడ్డగీతలు. ఆయన తర్లుపాడు దారిలో ఉన్నాడు. ఇంటికి పోకుండా తిన్నగా ఐసీయూకే వచ్చాడు, తడిసిన చొక్కాతో. ఫోను నర్సుల బల్ల మీద పెట్టి, మొదటి మంచం దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అక్కడ ఒక ముసలామె ఉంది, రెండు రోజులుగా తేలికపడటం లేదు. ఆమె మణికట్టు పట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు అట్లాగే ఉన్నాడు. ఆమె ఏదో చెప్పబోతే వంగి విన్నాడు. కోడలు రాలేదని చెబుతోంది. అది కూడా విన్నాడు.

అట్లా ఎనిమిది మంచాలూ తిరిగాడు. చివరి మంచం దగ్గర నన్ను పిలిచి, “సిస్టర్, ఈయనకు నాడి కొంచెం తప్పుతున్నట్టుంది. మీరొకసారి చూస్తారా” అన్నాడు.

ఇన్నేళ్లలో ఆయన నన్ను అట్లా అడగడం అదే మొదటిసారి. నేను వెళ్లి, ఆ మనిషి చెయ్యి పట్టుకుని చూశాను. నిజంగానే మధ్యలో ఒక దెబ్బ తప్పుతోంది. సరిగ్గానే చూశారు సార్ అన్నాను.

పరవాలేదు. నేర్చుకుంటున్నాడు.

జీవరత్నం